కనిపించిందా అంటే కనిపించిందండి: యూరిన్ బెంచ్ దగ్గర ఒక పోస్టింగ్ కేసు

మా ల్యాబ్ యూరిన్ రిజిస్టర్‌లో వరసగా పదకొండు మంది పేషెంట్లకు, మైక్రోస్కోప్ ఫీల్డుకు పస్ సెల్స్, అంటే చీము కణాలు, 2–4, ఎపిథీలియల్ సెల్స్ 1–2 అని రాసి ఉంది. చేతిరాత ఒకరిదే, ముత్యాల్లాంటి అక్షరాలు. పన్నెండో పేరు ఏడో నెల గర్భిణిది. ఆవిడకీ అవే అంకెలు. కానీ ఆ వరసలోనే, యూరిన్‌లో ముంచి రంగు చూసే స్ట్రిప్ కాలమ్‌లో ల్యూకోసైట్స్, అంటే తెల్ల కణాలు, మూడు ప్లస్‌లు, నైట్రైట్ పాజిటివ్ అని ఉంది. రెండూ ఇన్‌ఫెక్షన్ గుర్తులే. సంతకం పెట్టబోయినదాన్ని పెన్ను పక్కన పెట్టేశాను.

ఆ రిజిస్టర్ రాసింది మా దగ్గర పోస్టింగ్‌లో ఉన్న డీఎమ్‌ఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లమా, విద్యార్థిని. ఈ కేసు రాస్తానని చెప్పి ఆ అమ్మాయి అనుమతి తీసుకున్నాను. ఊరు, కాలేజీ, ఆస్పత్రి పేర్లు రాయడం లేదు. తనను గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను. ల్యాబ్ పనికి సంబంధించినవి మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. విద్యార్థులకు పని నేర్పే టెక్నీషియన్లు, ఇన్‌ఛార్జిలు చదవాలని రాస్తున్నాను.

నేపథ్యం

మా ఆస్పత్రి గోదావరి డెల్టాలో, గౌతమి, వశిష్ఠ పాయల మధ్య ఉన్న ఊళ్ళో ఉంది. చుట్టుపక్కల మండలాల నుంచి, లంక గ్రామాల నుంచి జనం వస్తారు. వరి కోతల రోజుల్లో ఓపీ పలచబడుతుంది, వానలు మొదలయ్యాక జ్వరాలతో కిక్కిరిసిపోతుంది. ల్యాబ్‌లో నాతో కలిపి నలుగురు టెక్నీషియన్లం. వారంలో మూడు రోజులు పాథాలజిస్ట్ డాక్టర్ వస్తారు. ఏటా డిప్లమా విద్యార్థులు ఆరుగురేసి వచ్చి ఆరు నెలలు పనిచేస్తారు. కలెక్షన్, హెమటాలజీ, బయోకెమిస్ట్రీ, క్లినికల్ పాథాలజీ, సెరాలజీ బెంచీల మీద నెలకొకటి చొప్పున తిరుగుతారు. లాగ్‌బుక్‌లో ప్రతి బెంచ్‌కూ నా సంతకం కావాలి.

ఆ అమ్మాయిది లంక ఊరు. పొద్దున్నే రేవు దాటి, బస్సెక్కి, ఎనిమిదింపావుకల్లా ల్యాబ్‌లో ఉండేది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. మొదటి నెల కలెక్షన్‌లో వేసినప్పుడు మేమంతా ఆశ్చర్యపోయాం. నరం దొరకని ముసలివాళ్ళకు కూడా ఒక్క పోటుతో రక్తం తీసేది. ట్యూబుల వరస తప్పేది కాదు. సిట్రేట్ నీలం ముందు, జెల్ పసుపు తరవాత, ఈడీటీఏ ఊదా ఆ తరవాత. అలా ఎందుకని అడిగితే, ఈడీటీఏ ముందు తీస్తే దానిలోని పొటాషియం జెల్ ట్యూబులోకి అంటుకుని, లేని పొటాషియం పెరిగినట్టు చూపిస్తుందండి, కాల్షియం తగ్గినట్టు చూపిస్తుందండి అని చెప్పింది. రికార్డు పుస్తకం బొమ్మలతో సహా చక్కగా ఉండేది. అందుకే రెండో నెలలో యూరిన్ బెంచ్ మీద వేసినప్పుడు ఆ అమ్మాయిని గమనించాలని నాకు తోచలేదు. మా కళ్ళన్నీ మందకొడిగా ఉన్న పిల్లల మీదే ఉండేవి.

బయటపడిన సమస్య

గర్భిణి విషయానికొస్తే, ఆ రిపోర్ట్ బయటికి వెళ్ళలేదు. ట్యూబులో మిగిలిన యూరిన్‌ని మళ్ళీ సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి స్లైడ్ పెట్టి చూశాను. ఫీల్డ్ నిండా పస్ సెల్స్, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని. ఓపీ డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఆవిడకు మంట, నడుము నొప్పి ఉన్నాయని చెప్పారు. కొత్తగా మిడ్‌స్ట్రీమ్ శాంపిల్ తీయించి కల్చర్‌కు పంపించాం. ఈ.కోలై బాక్టీరియా పెరిగింది. గర్భిణుల్లో యూరిన్ ఇన్‌ఫెక్షన్‌ని వదిలేస్తే కిడ్నీకి ఎక్కుతుంది, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ప్రమాదమూ ఉంది. 2–4 అన్న ఆ రిపోర్ట్ ఆవిడ చేతిలో పడి ఉంటే డాక్టర్ దేన్ని నమ్మేవారో నాకు తెలియదు.

ఆ తరవాత రెండు వారాల రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. మామూలుగా మనం రిజిస్టర్‌ని అడ్డంగా చదువుతాం. ఒక పేషెంటు, ఆ వరసలోని రిజల్ట్స్, కింద సంతకం. ఆ రోజు నిలువుగా చదివాను. ఒకే కాలమ్‌ని పైనుంచి కిందికి. అడ్డంగా చదివినప్పుడు ప్రతి రిపోర్టూ సబబుగానే ఉంది, ఎందుకంటే 2–4 అనేది నార్మల్, ఎవరికైనా ఉండొచ్చు. నిలువుగా చదివితే అంతమందికి ఒకటే అంకె ఉండటం అసాధ్యమని తెలిసిపోతోంది. ఆ అమ్మాయి పేజీలే కాదు, రద్దీ రోజుల్లో మా టెక్నీషియన్లు రాసిన పేజీల్లోనూ అక్కడక్కడ ఈ వరసలు ఉన్నాయి. ఆ సంగతి నాకు చాలా బాధ కలిగించింది. కానీ ఆ రోజు దాన్ని పక్కన పెట్టి ముందు విద్యార్థిని సంగతి చూద్దామనుకున్నాను. అది పొరపాటు. రెండూ ఒకే సమస్య.

ముందు పేషెంట్ల పని. యూరిన్ శాంపిల్స్ దాచం కాబట్టి పాతవి మళ్ళీ చూసే వీలు లేదు. స్ట్రిప్‌కూ మైక్రోస్కోపీకీ పొంతన లేని రిపోర్టులు మూడు దొరికాయి. ఇద్దరికి ఫోన్ చేసి రప్పించాం. మూడో ఆవిడకు ఫోన్ లేదు, ఆ ఊరి ఆశా కార్యకర్త ద్వారా కబురు పెట్టాం. పాథాలజిస్ట్‌కు అంతా చెప్పాను. ఇందులో సంకోచించడానికేమీ లేదు. విద్యార్థి తప్పని చెప్పి దాచిపెట్టే అధికారం మనకు లేదు. రిపోర్ట్ మీద ఉన్నది మన సంతకం.

మొదట చేసినవి, ఎందుకు పనికిరాలేదు

మధ్యాహ్నం స్టోర్ రూమ్‌లోకి పిలిచి అడిగాను.

"ఏమ్మా, ఈ స్లైడ్లు చూశావా?"

"ఆయ్, చూశానండి మేడమ్."

"చూస్తే ఇన్ని పస్ సెల్స్ ఎలా కనబడకుండా పోయాయి?"

తల దించుకుంది. ఒక్క మాటా లేదు. బద్ధకం, లేదా తొందరగా ముగించి బస్సు అందుకోవాలన్న ఆత్రం అనుకున్నాను. పేషెంటు ప్రాణంతో పని అని, చూడకుండా రాయడం అబద్ధంతో సమానమని గట్టిగానే చెప్పాను. అప్పుడు నా ఆలోచన ఇది: పని తెలిసిన పిల్ల, చేయడం లేదు, కాబట్టి చేయించాలి. అందుకని ఒక నియమం పెట్టాను. ఆ అమ్మాయి చూసిన ప్రతి స్లైడ్ పక్కనా నా పొట్టి సంతకం ఉండాలి. స్ట్రిప్‌కూ మైక్రోస్కోపీకీ తేడా ఉంటే నేను మళ్ళీ చూస్తాను.

వారం రోజుల్లో అంకెలు మారాయి. 2–4 తో పాటు 3–5, 6–8, 10–12 కూడా రావడం మొదలైంది. స్ట్రిప్ మీద ప్లస్ ఉన్నచోట అంకె పెద్దది, లేనిచోట చిన్నది. చక్కగా కుదిరింది. సమస్య తీరిందని పాథాలజిస్ట్‌కు కూడా చెప్పాను.

పదిరోజుల తరవాత నాకే ఏదో వెలితి అనిపించింది. అంకెలు మరీ బాగా కుదురుతున్నాయి. నిజంగా చూసేవాళ్ళకు అలా కుదరదు. పల్చటి యూరిన్‌లో కణాలు పగిలిపోయి స్ట్రిప్ పాజిటివ్‌గా ఉండి స్లైడ్‌లో తక్కువ కనిపించడం ఉంటుంది. మైల కలిసిన శాంపిల్‌లో ఎపిథీలియల్ సెల్స్ గుంపులుగా వచ్చి లెక్కను గందరగోళం చేయడం ఉంటుంది. ఒక్క తేడా కూడా లేకపోవడమే అనుమానం తెప్పించింది. మర్నాడు స్ట్రిప్‌లు నేనే చేసి, రిజల్ట్స్ వేరే కాగితం మీద రాసి నా దగ్గర పెట్టుకున్నాను. ఏడు డిపాజిట్లు, అంటే యూరిన్ తిప్పాక ట్యూబు అడుగున మిగిలిన మడ్డి, నంబర్లు మాత్రం వేసి ఇచ్చాను. ఆ ఏడింటికీ తెచ్చిన అంకెలకూ, ట్యూబుల్లో ఉన్నదానికీ ఏ సంబంధమూ లేదు. చీము చిక్కగా ఉన్నదానికి 3–5 అని ఉంది.

అంటే నా కాపలా వల్ల ఆ అమ్మాయి స్లైడ్ చూడటం నేర్చుకోలేదు. స్ట్రిప్ చూసి దానికి తగ్గ అంకె వేయడం నేర్చుకుంది. నేను పరీక్షించింది స్ట్రిప్‌తో పొంతన కుదిరిందా లేదా అన్నది మాత్రమే. ఏది పరీక్షిస్తామో అదే నేర్చుకుంటారు.

ఇంకో ప్రయత్నం, మా టెక్నీషియన్లలో అనుభవం ఉన్నవారి పక్కన కూర్చోబెట్టడం. ఇది నాలుగు రోజుల్లోనే బెడిసింది. పదకొండు గంటల వేళ ఓపీ నుంచి కేకలు వస్తుంటే, ఆయన అలవాటుగా, "క్లియర్‌గా ఉంది కదమ్మా, 2–4 వేసెయ్" అన్నారు. నేను పక్క గదిలోంచి విన్నాను. ఆయన్ను తప్పుపట్టలేను. ఒక్క మనిషి మీద మూడు బెంచీలు ఉన్నాయి. కానీ ఆ అమ్మాయికి ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. అది మా ల్యాబ్ నేర్పిన అంకె.

మూడో దారి ఒకటి ఉంది, అందరూ చెప్పిన సులువైనది. కలెక్షన్‌లో అంత బాగా చేస్తోంది కాబట్టి తిరిగి అక్కడే వేసేయడం. కాలేజీకి ఫోన్ చేసినప్పుడు కూడా, హాజరు పూర్తిగా ఉంది కదా, లాగ్‌బుక్ మీద సంతకం పెట్టేయండి అన్నారు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవడానికి రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలంటోంది. గంటలు లెక్కపెట్టడం అవసరమే, కాదనను. ఈ అమ్మాయికి గంటలకు ఏ లోటూ లేదు. రేపు ఏ మండల కేంద్రంలోనో చిన్న ల్యాబ్‌లో ఒంటరిగా కూర్చుంటే, వెనకాల మళ్ళీ చూసే నేను ఉండను. అక్కడ స్ట్రిప్‌లు అయిపోయిన రోజున ఏం రాస్తుంది? అందుకే సంతకం పెట్టనన్నాను. యూరిన్ బెంచ్ నుంచి తీసేయనూ లేదు. అప్పటికి నాకు ఇంకో ఉపాయం ఏమీ లేదన్నది కూడా నిజం.

బొమ్మ గీయించిన రోజు

జూలై చివరి వారం. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు, లంకల నుంచి పేషెంట్లు లేరు. రేవు దాటించే పంటు ఆపేస్తారన్న భయంతో ఆ అమ్మాయి మా ఊళ్ళోనే బంధువుల ఇంట్లో ఉంటోంది. మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్ ఖాళీగా ఉంది. ఒక స్లైడ్ పెట్టి, తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చాను.

"అంకె వద్దమ్మా. నీకు కనబడింది గీసివ్వు. తప్పు ఒప్పు లేదు."

ఎందుకు గీయమన్నానంటే, అంకెను ఊహించి రాయవచ్చు, బొమ్మను ఊహించి గీయడం కష్టం. రికార్డు పుస్తకంలోని బొమ్మ గీసినా నాకు తెలిసిపోతుంది, ఎందుకంటే నేను పెట్టిన స్లైడ్‌లో ఉన్నవి కాల్షియం ఆక్సలేట్ క్రిస్టల్స్, పోస్టల్ కవర్ వెనకవైపులా ఉంటాయి, చాలా తేలిగ్గా గుర్తుపట్టొచ్చు.

పావుగంట కూర్చుంది. గీసింది ఇది: ఒక పెద్ద గుండ్రం, దాని అంచున కొబ్బరి ఈనెల్లా వంపు తిరిగిన నల్లటి గీతలు ఐదారు. పక్కన దట్టమైన నల్ల అంచుతో ఇంకో గుండ్రం.

ఆ ఈనెలు ఆ అమ్మాయి కనురెప్పల వెంట్రుకలు. రెండో గుండ్రం కవర్ స్లిప్ కింద చిక్కుకున్న గాలి బుడగ. రెండు నెలలుగా తనకు మైక్రోస్కోప్‌లో కనబడుతున్నది ఇదే.

నేను ఏమీ అనకముందే ఏడ్చేసింది. కాసేపటికి తేరుకుని చెప్పింది.

"కాలేజీలో సార్ ఫోకస్ చేసి పెట్టేవారండి. మేం లైన్లో వెళ్ళి చూసేవాళ్ళం. నాబ్ ముట్టుకుంటే ఫోకస్ పోతుందని ముట్టుకోనిచ్చేవారు కాదండి. కనిపించిందా అంటే కనిపించిందండి అనేవాళ్ళం. వెనకాల ఇంకా ముప్పై మంది ఉండేవారండి. నాకొక్కదానికే కనబడట్లేదేమో, నా కళ్ళలోనే ఏదో ఉందేమో అనుకున్నానండి."

ఆ సార్‌ని తిట్టాలని నాకు అనిపించలేదు. ఒక్క మైక్రోస్కోప్, నలభై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాల క్లాసు ఉంటే ఎవరైనా అలాగే చేస్తారు. నన్ను నిలదీసింది వేరే సంగతి. పోస్టింగ్ మొదటి రోజు నేనూ అదే అడిగాను. మైక్రోస్కోప్ వచ్చా అంటే వచ్చండి అంది. స్టోర్ రూమ్‌లోనూ అదే అడిగాను. చూశావా అంటే చూశానంది. ఆ ప్రశ్నకు రెండేళ్ళుగా ఒకే జవాబు అలవాటైన పిల్లని మళ్ళీ మళ్ళీ అదే ప్రశ్న అడిగి, జవాబు నిజం కాదని కోప్పడ్డాను.

సాయంత్రం ఆ అమ్మాయి వెళ్ళాక విద్యార్థుల మైక్రోస్కోప్ ముందు తన కుర్చీలోనే కూర్చున్నాను. అది మా పాతది. టెన్ ఎక్స్, అంటే పది రెట్లు పెద్దగా చూపే లెన్స్, పరవాలేదు. ఫార్టీ ఎక్స్ తిప్పితే అంతా మంచు పట్టినట్టు ఉంది. స్మియర్లు చూసేటప్పుడు ఆయిల్ వేసి హండ్రెడ్ ఎక్స్ వాడి, తుడవకుండా ఫార్టీకి వెనక్కి తిప్పుతారు. ఆ ఆయిల్ ఫార్టీ లెన్స్‌కు అంటుకుని ఎండిపోతుంది. అదే జరిగింది. ఐపీస్ విప్పి వెలుతురుకు పట్టి చూస్తే లోపల సాలెగూడులాంటి సన్నటి పోగులు. ఫంగస్. మా ప్రాంతపు వానాకాలం తేమకు కళ్ళద్దాల పెట్టెలోనే బూజు పడుతుంది, గాజు లెన్స్‌కు పట్టకుండా ఉంటుందా? ఆ మైక్రోస్కోప్‌లో నేను చివరిసారి చూసింది వానలకు ముందు. అనుభవమున్న నా కంటికే ఆ లెన్స్‌లో పస్ సెల్‌కూ మసక చుక్కకూ తేడా తెలియలేదు. ఇది ఇన్‌ఛార్జిగా నా బాధ్యత, నేను నిర్లక్ష్యం చేశాను.

మర్నాడు పొద్దున్న ఆరుగురు విద్యార్థుల ముందూ ఆ మాటే చెప్పాను. లెన్స్ చెడిపోయి ఉంది, అది చూసుకోవలసింది నేను, చూసుకోలేదు అని. అందరి ముందు చెప్పడానికి కారణం ఉంది. తన కళ్ళలో లోపమని ఆ అమ్మాయి నమ్మింది, ఆ భారం దిగాలి. రెండోది, ల్యాబ్‌లో తప్పు ఒప్పుకుంటే ఏమవుతుందో పిల్లలు కళ్ళారా చూడాలి.

పనిచేసింది

లెన్స్ పేపర్‌తో, సాల్వెంట్‌తో ఫార్టీ ఎక్స్ శుభ్రం చేశాను. ఐపీస్ సర్వీసుకు పంపి, అది వచ్చేదాకా నా మైక్రోస్కోప్‌ని మధ్యాహ్నాలు వాళ్ళకు వదిలేశాను. పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారితే ఎండబెట్టడం ఒకరికి డ్యూటీ వేశాను.

మూడు మధ్యాహ్నాలు పేషెంట్ శాంపిల్ ముట్టనివ్వలేదు. మొదటి రోజు నాబ్‌లే. రెండు ఐపీస్‌ల మధ్య దూరం కళ్ళకు సరిపడా జరుపుకుని, రెండు గుండ్రాలు ఒకటిగా కలిసేదాకా తల కదపకుండా కూర్చోవడం. కన్ను మరీ ఆనిస్తే రెప్పల వెంట్రుకలు కనబడతాయి, కాస్త వెనక్కి జరిగితే పోతాయి. స్లైడ్ మీద మార్కర్ పెన్నుతో సన్నటి గీత గీసి, ఆ గీత అంచు టెన్ ఎక్స్‌లో స్పష్టంగా కనబడేదాకా కోర్స్ నాబ్, తరవాత ఫైన్ నాబ్. ఫోకస్ పోగొట్టు, మళ్ళీ తెచ్చుకో, ఇరవైసార్లు. కాలేజీలో ముట్టుకోవద్దన్న నాబ్‌ని కావాలని తిప్పించాను.

అందరూ వదిలేసేది కండెన్సర్, అంటే స్లైడ్ కింద వెలుతురును కూర్చే లెన్స్. రంగు వేసిన బ్లడ్ స్మియర్‌కు వెలుతురు ఎక్కువ కావాలి, కండెన్సర్ పైకి ఉంటుంది. యూరిన్ డిపాజిట్‌కు రంగు ఉండదు. అంత వెలుతురులో కణాలు కరిగిపోయినట్టు మాయమవుతాయి, కిడ్నీ గొట్టాల్లో అచ్చుపోసినట్టు తయారయ్యే కాస్ట్‌లైతే అసలు కనబడవు. కండెన్సర్ కిందికి దింపి, ఐరిస్ మూసి వెలుతురు తగ్గిస్తే అప్పుడు అంచులు తేలతాయి. ఆ అమ్మాయి చేత్తోనే దింపించాను. "అమ్మో" అంది. అదే తను మొదటిసారి నిజంగా చూసింది.

రెండో రోజు వంటింటి సరుకులు. బంగాళాదుంప గీరిన నీటిచుక్క, అందులో పిండి రేణువులు పెద్దవిగా, కోలగా ఉంటాయి, మొదటిసారి చూసేవాళ్ళకు మంచివి. కొబ్బరినూనె నీళ్ళలో చిలికిన చుక్క. బేకరీ ఈస్ట్. తన వేలినుంచే ఒక చుక్క రక్తం, సెలైన్‌లో కలిపి. యూరిన్‌లో ఎర్ర కణం, ఈస్ట్, నూనె చుక్క మూడూ గుండ్రంగానే ఉండి కొత్తవాళ్ళను తికమక పెడతాయి. నూనె చుక్కలు ఒక్కోటి ఒక్కో సైజులో మెరుస్తాయి. ఈస్ట్‌కు పిలకలు ఉంటాయి. రెండు శాతం ఎసిటిక్ యాసిడ్ ఒక చుక్క వేస్తే ఎర్ర కణాలు మాయమై ఈస్ట్ మిగులుతుంది, తెల్ల కణాల న్యూక్లియస్ ఇంకా బాగా తేలుతుంది. ఇవన్నీ ఆ అమ్మాయి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే. కణాలు మాయమవడం చూసి ఇంకో స్లైడ్ పెట్టుకుని మళ్ళీ చేసుకుంది, ఎవరూ చెప్పకుండానే.

మూడో రోజు పేషెంట్ల శాంపిల్స్‌లో మిగిలినవి. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టాను: ముందు బొమ్మ, తరవాత అంకె. టెన్ ఎక్స్‌లో కవర్ స్లిప్ అంచుల వెంట కాస్ట్‌ల కోసం ఒక చుట్టు, ఆ తరవాత ఫార్టీలో పది ఫీల్డులు, ఒక్కో ఫీల్డు లెక్క విడిగా రాసి సగటు.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసింది రిజిస్టర్‌లో గీసిన ఒక కొత్త కాలమ్ అని నా నమ్మకం. దాని పేరు "చూపించాలి". కనబడలేదన్నా, కనబడింది ఏమిటో తెలియలేదన్నా అందులో టిక్ పెట్టి ముందుకెళ్ళొచ్చు. టిక్ పెట్టినందుకు ఎవరూ ఏమీ అనరు. అంతకు ముందు మా రిజిస్టర్‌లో తెలియదు అని రాయడానికి చోటే లేదు. ప్రతి గడిలోనూ అంకె ఉండాలి. గడి ఖాళీగా ఉంటే తిట్లు, 2–4 ఉంటే సంతకం. అలాంటప్పుడు కనబడని మనిషి ఏం రాస్తుంది? మొదటి రోజు పద్దెనిమిది శాంపిల్స్‌లో పదహారు టిక్‌లు పెట్టింది. పదహారూ పక్కన కూర్చుని చూశాను, రెండు గంటలు పట్టింది. నాలుగో వారానికి రోజుకు రెండో మూడో ఉండేవి. ఆ కాలమ్ విద్యార్థులకే అని పెడితే సిగ్గుపడతారని టెక్నీషియన్లకూ అదే రిజిస్టర్ ఉంచాను. 2–4 వేసెయ్ అన్న మా సీనియర్ ఒకరోజు తనంతట తానే టిక్ పెట్టి నన్ను పిలిచారు.

పరీక్ష కూడా మార్చాను. ఒకే డిపాజిట్‌ని రెండు నంబర్లతో ఇచ్చేదాన్ని, స్ట్రిప్ చూపించకుండా. రెండు లెక్కలూ దగ్గరగా ఉండాలి, అచ్చు ఒకటే అవనక్కర్లేదు. ఒకసారి 14, ఒకసారి 17 వస్తే అది నిజంగా లెక్కపెట్టిన చెయ్యి అని ముందే చెప్పాను, లేకపోతే రెండూ సమానం చేయడానికి చూస్తారు.

ఆ అమ్మాయి నాకు చెప్పింది

సెప్టెంబర్‌లో ఒకరోజు వచ్చి, "మేడమ్, మా వైపు వాళ్ళ శాంపిల్స్‌లో బాక్టీరియా ఎక్కువ కనబడుతోందండి, సెల్స్ చితికిపోయినట్టుంటున్నాయండి" అంది. రిజిస్టర్‌లో ఊళ్ళు చూస్తే నిజమే. లంకల నుంచి వచ్చేవాళ్ళు తెల్లవారుజామున ఇంట్లోనే సీసాలో పట్టుకుని, రేవు దాటి, బస్సెక్కి, చీటీ రాయించుకుని మా కిటికీ దగ్గరికి వచ్చేసరికి మూడు గంటలు దాటుతోంది. యూరిన్‌ని రెండు గంటల లోపు చూడాలి, వీలుకాకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. లేకపోతే బాక్టీరియా పెరిగిపోతుంది, యూరిన్ క్షారంగా మారి కణాలు, కాస్ట్‌లు కరిగిపోతాయి, నైట్రైట్ లేనిది ఉన్నట్టు చూపించొచ్చు. పుస్తకంలో ఉన్నదే. కానీ ఏ పంటు ఎన్నింటికో మా ల్యాబ్‌లో తెలిసింది ఆ అమ్మాయికే. అప్పటినుంచి కిటికీ దగ్గర ఎప్పుడు పట్టారని అడిగి టైమ్ రాస్తున్నాం, రెండు గంటలు దాటితే ఇక్కడే మళ్ళీ ఇవ్వమంటున్నాం. ఇన్నేళ్ళూ ఆ శాంపిల్స్ చూస్తూ ఆ ప్రశ్న నేను అడగలేదు. స్లైడ్‌లో ఏముందో నిజంగా చూసే మనిషికే అది వచ్చింది.

అక్టోబర్‌లో ఎనిమిదేళ్ళ బాబు శాంపిల్ వచ్చింది. పొద్దున్నే ముఖం ఉబ్బుతోంది, యూరిన్ డికాక్షన్ రంగులో ఉంది, కాళ్ళ మీద మానుతున్న పుండ్లు. ఆ అమ్మాయి అంకె వేయకుండా "చూపించాలి" టిక్ పెట్టి పక్కన గొట్టంలాంటి బొమ్మ గీసింది, లోపల గుండ్రాలు కిక్కిరిసి. ఎర్ర కణాల కాస్ట్. పాథాలజిస్ట్ చూసి అవునన్నారు. కిడ్నీ వాపని అనుమానిస్తున్న పిల్లల డాక్టర్‌కు ఆ ఒక్క లైను చాలా ఉపయోగపడింది. దాని పేరేమిటో ఆ అమ్మాయికి ఆ నిమిషంలో తెలియదు. తెలియదని రాసింది.

తీరనివి

వేగం పెద్దగా రాలేదు. పోస్టింగ్ ముగిసేనాటికి కూడా మిగతావాళ్ళు చేసిన దానిలో సగం శాంపిల్సే చేసేది. రద్దీ రోజుల్లో ఓపీ నుంచి మాటలు పడ్డాం. రిపోర్టులు పన్నెండున్నరకు బదులు ఒంటిగంటకు ఇస్తామని బోర్డు మార్చాం. దీనికి ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

అదే బ్యాచ్‌లో ఇంకో అబ్బాయికి ఈ పద్ధతి పనిచేయలేదు. అతనికి మైక్రోస్కోప్ బాగా వచ్చు, బొమ్మలు చక్కగా గీస్తాడు, అయినా నేను లేని రోజున చూడకుండా రాసేవాడు. అది వేరే కేసు, కారణం వేరు. రాని పిల్లకీ చేయని పిల్లాడికీ రిజిస్టర్‌లో కనబడేది ఒకటే అంకె. ఆ రెండింటినీ విడదీయడానికి బొమ్మ గీయించడం తప్ప నాకు ఇప్పటికీ ఇంకో దారి దొరకలేదు.

కాలేజీకి ఉత్తరం రాశాను: పోస్టింగ్‌కు పంపేముందు ప్రతి విద్యార్థీ తన చేత్తో ఫోకస్ చేసుకునేలా కనీసం రెండు పూటలు ఇవ్వండి, కావాలంటే మధ్యాహ్నాలు మా ల్యాబ్‌కు పంపండి అని. మర్యాదగా సరేనన్నారు. మైక్రోస్కోపులు మాత్రం అన్నే ఉన్నాయి.

లాగ్‌బుక్‌లో ఆ అమ్మాయి యూరిన్ బెంచ్‌కు నవంబర్‌లో సంతకం పెట్టాను, నెలల ఆలస్యంగా.

తరవాతి బ్యాచ్ ఆరుగురూ వచ్చిన మొదటి రోజు, మైక్రోస్కోప్ వచ్చా అని అడగలేదు. శుభ్రం చేసిన లెన్స్, ఆక్సలేట్ క్రిస్టల్స్ ఉన్న స్లైడ్ పెట్టి, ఆరు తెల్లకాగితాలు ఇచ్చాను. ఒకరు క్రిస్టల్స్ గీశారు. నలుగురు రెప్పల వెంట్రుకలు, గాలి బుడగలు గీశారు. ఒకబ్బాయి కాగితం మీద బొమ్మ లేదు, "ఏమీ కనబడలేదండి" అని రాసి ఉంది. ముందుగా అతన్నే కూర్చోబెట్టి, కండెన్సర్ నాబ్ ఎక్కడుందో చేత్తో తడిమి చూపించాను.